ఇరవై కిలోలు

"ఇరవై కిలోలకి మించి ఈ కాలి మీద బరువు పడకూడదని చెప్పానా లేదా?" ఫిజియోథెరపిస్టు కంప్యూటర్ తెరని మా ఆవిడ వైపు తిప్పింది. "ఎముకకి వేసిన ప్లేటులో సెన్సర్ ఉందమ్మా, అంతా తెలిసిపోతుంది. రోజూ ఏడింటికి డెబ్భై, పన్నెండింటికి డెబ్భై, నాలుగింటికి మళ్ళీ! ప్లేటు విరిగితే కాలు దక్కదు."

"గిన్నెలు తోముతూ మర్చిపోయుంటాను," అంది మా ఆవిడ, నావైపు చూడకుండా.

చక్రాల కుర్చీలో ఉన్న నేను ఆ వేళలు లెక్కేసుకున్నాను. కాళ్ళు చచ్చుబడ్డ నన్ను తను బాత్రూంకి ఎత్తుకెళ్ళే వేళలవి. "డాక్టరుగారు ఎత్తొచ్చన్నారు, మీకెందుకు?" అని రోజూ దబాయించేది.

నా కుర్చీనే ఊతంగా పట్టుకుని, నెట్టుకుంటూ బయటికొచ్చింది. సీసా మూత తీసి అందించింది.

"పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్ళు తాగలేదు. తాగండి."

నాలుక పిడచకట్టుకుపోతోంది.

"వద్దే," అన్నాను. "దాహంగా లేదు."