నూరు శాతం సమ్మె

దవాఖానకు తాళం వేసి ఉంది. తాళం తుప్పు పట్టింది. గేటుకు ఎదురుగా ఒక టెంటు, టెంటు కింద నాలుగు తెల్లకోట్లు, ఒక్కో కోటు మీద 'జై తెలంగాణ' అని రాసిన అట్టముక్క.

అది చూడగానే శాసనసభ ఆరోగ్య సేవల కమిటీ చైర్మన్ వెంకటనర్సయ్యకు ప్రాణం లేచొచ్చింది. వెతుక్కుంటూ వచ్చింది దీనికోసమే మరి.

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. ఎక్కడో ఒకచోట సమ్మె విరిగిందని పేపర్లో పడితే మంత్రి పదవి సంగతి ఆలోచిస్తామని పైవాళ్లు ఆయన చెవిన వేశారు. అందాకా రాజీనామా లేఖ జేబులోనే ఉంటుంది. జనం నిలదీస్తే చూపించడానికి లేఖ, పైవాళ్లు అడిగితే చూపించడానికి సంతకం లేని జాగా, రెండూ ఒకే కాగితం మీద పెట్టుకున్న ముందుచూపు ఆయనది.

దవాఖానల్లో సిబ్బంది సరిపడా ఉన్నారో లేదో చూడటం ఆ కమిటీ పని. మూడేళ్లుగా హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని, జీడిపప్పు నములుతూ, ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు. ఖాళీల మీద ఏ పల్లె నుంచి అర్జీ వచ్చినా 'పరిశీలించవచ్చు' అని రాసి పక్కన పెడతారు. దవాఖానను కళ్లారా చూడటం మాత్రం చైర్మన్‌కు ఇదే మొదలు. మానుకోటలో అయితే జనం కారు దిగనివ్వరు. అందుకే కొత్తగూడ కూడా దాటించి, అడవిలో ఉన్న ఈ రేగులబండకు తీసుకొచ్చాడు పీఏ సందీప్.

లెక్కలు చెప్పాల్సిన జిల్లా ఆఫీసువాళ్లంతా సమ్మెలో ఉన్నారు. దాంతో సందీపే గోడ మీది బోర్డు చదివాడు.

"డాక్టర్ ఒకరు, నర్సులు ఇద్దరు, ఫార్మసిస్టు ఒకరు సార్."

టెంటు కింద నలుగురు. లెక్క సరిపోయింది.

"నూరు శాతం సమ్మె," అని పళ్లు కొరికాడు వెంకటనర్సయ్య.

గేటు పక్కన సోమ్లీ అనే నిండు చూలాలు కూర్చుని ఉంది. పాదాలు వాచిపోయాయి. మొదటి బిడ్డ మానుకోట దారిలో, ఆటోలోనే పుట్టి ఆటోలోనే పోయిందట. ఈసారైనా తలుపు తెరుచుకుంటుందా అని తాళం వంకే చూస్తోంది. సందీప్ ఈ మాట చెప్పేసరికి చైర్మన్ కళ్లు చెమ్మగిల్లాయి. ఫొటోగ్రాఫర్ వచ్చాడని తెలిశాక ఇంకొంచెం చెమ్మగిల్లాయి.

"మీల డాక్టర్ ఎవరయ్యా?" అన్నాడు టెంటు ముందు నిలబడి.

బక్కపలచటి మనిషి ఒకడు లేచాడు. అతని పేరు పరశురాములు. కోటు మడతలు కూడా ఇంకా పోలేదు.

"నేనే సార్."

"ఎన్నొద్దులాయె తాళమేసి?"

"మొదటిసంది ఏసే ఉన్నది సార్. ఒక్కరోజు గూడ తీయలే."

"సిగ్గనిపిస్తలేదా? ఆ పిల్ల గేటుకాడ గట్ల కూసుంటే మీరు గీడ వంటావార్పు పెట్టుకుంటరా?"

"సిగ్గయితే మస్తున్నది సార్. గని సర్కారుకు గూడ జర ఉండాలె గద."

వెంకటనర్సయ్యకు ఒళ్లు మండింది. అప్పటికప్పుడు తాళం పగలగొట్టించాడు. లోపల కుర్చీలకూ మంచాలకూ ప్లాస్టిక్ కవర్లు చుట్టి ఉన్నాయి. సమ్మె చేస్తూ కూడా సర్కారు సొమ్మును ఇంత పదిలంగా చూసుకున్నారని లోలోపల మెచ్చుకున్నాడు. బయటికొచ్చి మాత్రం ఉరిమాడు.

"సోమవారం దాక టైమిస్తున్న. డ్యూటీ ఎక్కకుంటే మీ జాగల వేరేటోళ్లను దింపుత."

నర్సు కోటులో ఉన్న తేజస్విని కిసుక్కున నవ్వింది. "ఈ అడవికి ఎవరొస్తరు సార్? మీతోని కాదు."

ఆ మాట ఆయనకు తగలరాని చోట తగిలింది. సిగ్నల్ కోసం కారు బానెట్ ఎక్కి మరీ పైవాళ్లకు ఫోన్ చేశాడు. మామూలుగా ఖాళీ పోస్టు నింపమంటే ఆర్థిక శాఖ అడ్డుపడుతుంది. అది ఊరుకుంటే కోర్టు కేసు అడ్డుపడుతుంది. సమ్మె విరగ్గొట్టాలి, మనుషులు కావాలి అంటే ఏదీ అడ్డుపడలేదు. సమ్మె అయిపోయాక వీళ్లు తిరిగొచ్చినా కుర్చీ దొరకకూడదని, కొత్తవాళ్లకు పర్మనెంట్ ఆర్డర్లే ఇప్పించాడు.

సోమవారం పొద్దున్నే డాక్టరు, ఇద్దరు నర్సులు, ఫార్మసిస్టు పోలీసు జీపులో దిగారు. వెనక వ్యానులో మందుల పెట్టెలు దిగాయి. టెంటు కింద వాళ్లు అడ్డుపడతారేమోనని పోలీసులు లాఠీలు పట్టుకున్నారు. పాపం, ఆ నలుగురే పెట్టెలు మోసి లోపల పెట్టారు.

ఆ వారంలోనే సోమ్లీకి ఆడపిల్ల పుట్టింది. 'అడవిలో విరిగిన సమ్మె' అని పేపర్లో పడింది. వెంకటనర్సయ్య ఆ పేపరు చేత్తో పట్టుకునే మళ్లీ వచ్చాడు. సోమ్లీ బిడ్డను గుండెలకు హత్తుకుని ఏడుస్తూ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఆయన ఫొటోగ్రాఫర్ ఎక్కడున్నాడో చూసుకోవడం కూడా మరచిపోయాడు.

ఇక మిగిలింది ఒక్కటే పని. పాత సిబ్బంది నలుగురినీ సస్పెండ్ చేయాలి.

టెంటు ఎత్తేశారు. పరశురాములు భుజాన గొడ్డలి పెట్టుకుని అటే వస్తున్నాడు. ఉద్యోగం ఊడేసరికి కూలికి దిగాడన్నమాట. తగిన శాస్తి జరిగిందనుకుని, వెంకటనర్సయ్య పెన్ను తీశాడు.

"నౌకర్ల చేరిన తారీఖు చెప్పు. ఆర్డర్ల రాయాలె."

పరశురాములు గొడ్డలి కిందపెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"తారీఖు ఏడిది సార్, మేం నలుగురం పోడు కొట్టుకొని బతికేటోళ్లం, గీ దవాఖాన కట్టి మూడేండ్లాయె గని దీంట్లకు డాక్టర్‌ను పంపింది మీరే మొదలు."