రెండు గ్రాముల తేడా

"మీ కిలో రాయి రెండు గ్రాములు ఎక్కువ తూగుతోందమ్మా. షాపుకి సీలు వెయ్యాలి," అన్నాడు తూనికల ఇన్‌స్పెక్టరు. సంచిలోంచి లక్క, తాడు తీసి బల్ల మీద పెట్టాడు.

పాత బజారులో ఆ వీధి వీధంతా మెడలు చాచింది. ఎదురుగా గుండీల షాపాయన లెక్కపెడుతున్న గుండీలు వదిలేసి మెట్టు మీదికొచ్చాడు. మూడు తరాలుగా త్రాసులు, తూకం రాళ్లు చేసి అమ్ముతున్న షాపు అది. తోపుడు బండి మీద ఉల్లిపాయలమ్మే మనిషి దగ్గర్నుంచి ఇనప సామాను వర్తకుడి దాకా అందరూ అక్కడ కొన్న రాయితోనే తూస్తారు. ఆ తలుపుకి ఒక్కసారి లక్క ముద్ర పడిందంటే, రేపు తెరిచినా తెరవకపోయినా ఒకటే.

షాపు నడిపేది తూకాల పెద్దమ్మ. వీధిలో అందరూ పిలిచే పేరు అదే. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. డెబ్బై దాటాయి గానీ సుత్తి పడితే చెయ్యి వణకదు.

"ఎక్కువే కదండీ, తక్కువ కాదుగా," అంది కోడలు, ఇన్‌స్పెక్టరుకి మంచినీళ్లిస్తూ. "కొనేవాళ్లకి లాభమే."

"నువ్వాగవే. ఎక్కువైనా దొంగతూకమే. అమ్మేవాడేం పాపం చేశాడు?" అని కసిరింది పెద్దమ్మ. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "నా రాయి సరిగ్గానే ఉంది బాబూ. మీదే తక్కువ."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "నాది ప్రభుత్వం రాయమ్మా. దీన్ని బట్టే ఊరందరి రాళ్లూ సరిచూస్తాం."

"ప్రభుత్వానిదైతే తరగదా ఏం?"

"పోనీ పెద్దవారు. తప్పు ఒప్పుకుని సంతకం పెట్టండి. హెచ్చరికతో వదిలేస్తాను."

కోడలి ప్రాణం లేచొచ్చింది. గబగబా కలం తెచ్చింది. పెద్దమ్మ ఆ కలం వైపు చూడను కూడా లేదు.

"చెయ్యని తప్పుకి సంతకం పెడితే మా నాన్న పైనుంచి దిగొచ్చి తంతాడు. మీ పెట్టెలో చిన్న రాళ్లున్నాయా? అరకిలో, రెండొందలవి రెండు, వంద?"

"ఉన్నాయి."

"అవన్నీ కలిపితే కిలో అవ్వాలి కదా? మీరే తియ్యండి. నేను ముట్టుకోను."

ఆయన నాలుగు రాళ్లూ ఒక పళ్లెంలో పేర్చి, రెండో పళ్లెంలో తన కిలో రాయి పెట్టాడు. ముల్లు చిన్న రాళ్ల వైపు ఒరిగింది. కిలో తీసి, దాని చోట పెద్దమ్మ రాయి పెట్టాడు. ముల్లు నడిమధ్యకొచ్చి నిలబడింది, ఊదినా కదలనన్నట్టు. ఆయనకి నమ్మబుద్ధి కాలేదు. పళ్లాలు మార్చాడు, ఫ్యాను ఆపించాడు, మళ్లీ తూచాడు. ముల్లు ప్రతిసారీ అదే మాట చెప్పింది. పనితనమంటే అలా ఉండాలి. ఎదురుగా అధికారి కూర్చున్నా, కంప్యూటరు కూర్చున్నా దానికి ఒకటే.

"మీ పెట్టెలోవే సాక్ష్యం చెప్పాయి బాబూ. నాలుగు రాళ్లదీ ఒక మాట, ఈ ఒక్కదానిదే ఇంకో మాట."

మెట్టు మీద గుండీల షాపాయన చప్పట్లు కొట్టాడు. ఇన్‌స్పెక్టరు మెడ మీద చెమట తుడుచుకున్నాడు. మంచి మనిషే, గింజుకోలేదు. లక్క, తాడు తీసి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

"క్షమించండమ్మా. దీన్ని నమ్ముకుని ఊరంతా తిరుగుతున్నాను. ఇంకెంతమంది రాళ్లని తప్పు పట్టానో ఏమో."

పెద్దమ్మకి ఇక పట్టపగ్గాల్లేవు. "ఇది అరుగుదల కాదు బాబూ. అరిగితే ఇంత తేడా రాదు. రాయి పోత పోశాక అడుగున చిన్న గుంట ఉంచుతాం. తూకం సరిపోయేదాకా అందులో సీసం నింపి, పైన ముద్ర కొడతాం. గట్టిగా దట్టిస్తే వందేళ్లయినా ఊడదు. దీనికి ఆ సీసమే పెచ్చు లేచి ఉంటుంది. ఎవడో పని రానివాడు చేశాడు."

"అన్నం తినకుండా సుత్తి పట్టుంటాడు," అంది కోడలు. ఇప్పుడామెకి కూడా హుషారొచ్చింది.

"అలాంటివాడు సుత్తి వదిలేసి ఇంకేదైనా పని చూసుకోవాలి. ఇలా ఇవ్వండి."

పెద్దమ్మ గుడ్డతో పట్టుకుని రాయి తిరగేసింది. చెప్పినట్టే ఉంది, సీసం ఒక అంచున పెచ్చు లేచిపోయింది. మిగిలిన దానిమీద ఏళ్లనాటి మడ్డి. ఆవిడ దాన్ని తుడిచింది. భూతద్దం తెప్పించుకుని చూసింది. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూసింది.

"పాతది పోతే, అప్పట్లో మా ఆఫీసువాళ్లు ఈ బజార్లోనే చేయించారట," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎవరి ముద్రమ్మా అది?"

కోడలు పెద్దమ్మ భుజం మీదుగా వంగి చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అరిగిపోయింది, కనబడటం లేదని చెప్పెయ్యండి అత్తయ్యా," అని చెవిలో గొణిగింది.

పెద్దమ్మ రాయిని ఆయన చేతిలో పెట్టింది. అందరినీ మెట్లు దింపి, తనూ దిగి, రెండు తలుపులూ దగ్గరికి లాగింది.

"మా షాపు ముద్రే బాబూ. తాత చేసినవాటికి ఒక చుక్క, నాన్న చేసినవాటికి రెండు, నేను చేసినవాటికి మూడు. దానిమీద మూడున్నాయి. వెయ్యండి సీలు."