పైకి వేసిన ముడి

"నా జాకెట్టు మీద చెయ్యేసింది నువ్వే కదూ?" అద్దంలోంచి మైనాను చూస్తూ అడిగింది రాణి.

ఆ నైట్‌క్లబ్బులో ఆడవేషం కట్టి ఆడే మగవాళ్లు ఇద్దరూ. వేషం కట్టాక వాళ్లకు అక్కాచెల్లెళ్ల పిలుపులే.

"నేను కత్తెరే ముట్టలేదక్కా."

"కత్తెర ఊసు నేనెత్తానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం? పోయిన వారం ఊపిరాడనివ్వలేదు. ఇవాళ చక్కగా పట్టింది. ఆటలో హుక్కులూడి నా పరువు పోవాలనేగా వదులు చేశావు?"

మైనా వచ్చి కుట్టు లాగి చూసింది. "పరువు తీసేవాళ్లు ఇంత గట్టిగా కుడతారా? ఎవరో గానీ కొత్తవాళ్లు. లోపల వెయ్యాల్సిన ముళ్లన్నీ పైకి వేశారు."

"మాట మార్చకు. ఈ వేషాల పెట్టె ఎప్పుడూ నా కళ్ల ముందే ఉంటుంది, ఒక్క ఇంట్లో తప్ప..."

రాణి ఆగిపోయింది. తను విడిచిన చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. దాని గుండీల మీద కూడా ముళ్లు పైకే ఉన్నాయి. చిన్నప్పుడు ముడి ఒంటికి గుచ్చుకుంటోందని ఏడ్చినప్పటి నుంచీ అమ్మ అలాగే కుడుతుంది.

క్లబ్బులో లెక్కలు రాస్తానని అమ్మకు చెప్పింది రాణి.

ఫోన్ తీసింది. "అమ్మా, నా పెట్టె తెరిచావా?"



"ఎర్రది ఇంకా వదులు చెయ్యలేదు, రేపు చేస్తాను," అంది అమ్మ. "అయినా లెక్కలు రాసుకునేవాడికి నడుం దగ్గర అంత బిగుతెందుకురా?"