లచ్చవ్వ తెచ్చిన కూర

ఫిబ్రవరి పదమూడు రాత్రి తోటకూర పప్పుతో అన్నం తిన్నాను. మా ఆవిడ పోయినప్పటి నుంచి పక్కింటి లచ్చవ్వే నాకింత కూర తెచ్చి పెడుతుంది.

ఆమె గిన్నె తీసుకుంటుండగా దివ్యశ్రీ పరుగున వచ్చింది. అమీర్‌పేటలో మా ఇంటి వెనక పాత బ్యాటరీల షాపు జాగాలో మొక్కలు పెంచుతున్న పిల్ల.

"అంకుల్, మా తోటకూర ఎవరు కోసిండ్రు? అది తినేది కాదు. మట్టిల సీసం పీల్చనీకి పెట్టినం. విషం ఆకులల్లకే వస్తది."

లచ్చవ్వ గిన్నె కింద పెట్టింది. "నేనే కోసిన. రక్తం తక్కువుందంటే నా మనుమరాలికి రోజు అదే పెడుతున్న బిడ్డా! తిన్నది వాపస్ తీయొస్తదా?"



"నేను సుత తిన్న గద లచ్చవ్వా," అన్నాను. "పొద్దుగాల పాపను తోలుకొని ముగ్గురం కలిసే పోయి రక్తం చూపిచ్చుకుందాం."

ఆమె తలూపి తన ఇంట్లోకి వెళ్లింది. నిద్రపోతున్న పాప లేవకుండా తలుపు మెల్లగా వేసుకుంది.