ఎర్ర కొవ్వొత్తులు

కువాబారాకి మళ్లీ ఫోన్ వచ్చింది. పక్క బల్ల దగ్గర తత్సుమీ పెన్సిల్ ఆపి చెవులు రిక్కించాడు.

"నిన్న ఎంతతో మొదలైంది?" కువాబారా గొంతు తగ్గించి అడుగుతున్నాడు. "పైకి ఎంతదాకా వెళ్లింది? చివరికి ఎక్కడ ఆగింది?"

ఫోన్ పెట్టేసి, సొరుగులోంచి గళ్ల కాగితం తీశాడు. దాని మీద మరో ఎర్ర కొవ్వొత్తి గీశాడు. మొన్నటిదానికన్నా ఎత్తులో.

ఒసాకాలోని ఆ షేర్ల ఆఫీసులో చార్టులు గీసేది వాళ్లిద్దరే. తత్సుమీవి గీత చార్టులు. ఏ రోజుకారోజు ముగింపు ధరని చుక్క పెట్టి కలుపుకుంటూ పోవడమే. కువాబారావి కొవ్వొత్తి చార్టులు. పెరిగితే ఎరుపు, తగ్గితే నలుపు. మొదలు, ముగింపు, పై ఎత్తు, అడుగు అన్నీ ఒక్క కొవ్వొత్తిలోనే కనిపిస్తాయి. అందుకే ఖాతాదారులు అతని బల్ల చుట్టూనే మూగుతారు.

"కువాబారా దగ్గర కాస్త నేర్చుకోకూడదటయ్యా?" అని మేనేజరు నగాయ్ ఒకసారి అందరి ముందూ అనేశాడు. ఆ మాట తత్సుమీ గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడీ రహస్యపు చార్టొకటి. కంపెనీ పేరు లేదు. పక్కన అంకెలు లేవు. తత్సుమీ తనకు తెలిసిన షేర్లన్నిటితోనూ పోల్చి చూశాడు. ఏదీ కలవలేదు. ఎవడో లోపలివాడు గుట్టు చెబుతున్నాడు, సందేహం లేదు.

"ఏం, గిట్టుబాటవుతోందా?" అన్నాడు నవ్వు పులుముకుని.

"ఏదో, అలా అలా." కువాబారా తెచ్చుకున్న అన్నం ముట్టకుండానే డబ్బా మూత పెట్టేశాడు.

అంత లాభం వస్తుంటే ఆకలెందుకేస్తుంది, అనుకున్నాడు తత్సుమీ.

ఆ సాయంత్రం వ్యాపారుల దేవుడు ఎబిసు గుడికి వెళ్లాడు. అందరూ లాభం అడిగే చోట అతను నష్టం అడిగాడు. తనకి కాదు.

"ఆ చార్టు కూలిపోవాలి స్వామీ. పూర్తిగా అడుక్కి దిగిపోవాలి."

మర్నాడు నల్ల కొవ్వొత్తి పడింది. దాని పక్కన ఇంకొకటి, ఇంకా పొడుగ్గా. వారం తిరిగేసరికి చార్టు అడుగంటింది. తత్సుమీ ఈల వేసుకుంటూ ఆఫీసుకొచ్చాడు.

కువాబారా అందరికీ పూర్ణం పెట్టిన మంజూలు పంచుతున్నాడు.

తత్సుమీకి ఉండబట్టలేదు. "నీ షేరు అంతలా పడిపోతే మిఠాయిలేమిటోయ్?"

కువాబారా అతని చేతిలోనూ ఒకటి పెట్టాడు.

"అది షేరు కాదు తత్సుమీ, ఆసుపత్రిలో ఉన్న మా పాప జ్వరం."