తొమ్మిది శాతం దాటిన సరుకు

"ఒప్పందం ఒప్పందమే అమ్మాయ్. బతికిందే సరుకు. ఇవాళ్టితో నీ ల్యాబ్ మూసేద్దాం."

అన్నారు మామగారు చిన్నకోడలితో. ఎవరి బాక్టీరియా నిలిస్తే వారిదే వాడాలన్నది ఒప్పందం. బల్లమీద రెండు గాజు తొట్లున్నాయి. ఎడమది ఆమెది, కుడిది బయటి కంపెనీది. రెండింట్లోనూ పోసింది ఒకే చొప్ప రసం. ఆమె బాక్టీరియా ఆల్కహాలు ఏడు శాతానికి రాగానే చచ్చి అడుక్కి దిగిపోయింది. కంపెనీది తొమ్మిది దాటినా బుడగలు కక్కుతూనే ఉంది. తొమ్మిది దాటితేనే గిట్టుబాటు. తగ్గితే నీళ్లలోంచి ఇంధనాన్ని వేరు చేసే ఖర్చుకే లాభం చెల్లు.

మూడేళ్లు ఆ పిల్ల పడ్డ పాటు మామగారికి తెలియంది కాదు. చొప్పను చక్కెరగా విరగ్గొట్టే ఎంజైములు, ఆ చక్కెరను ఆల్కహాలుగా మార్చే ఎంజైములు, అన్నీ ఒక్క బాక్టీరియాకే అమర్చింది. ఇద్దరి పని ఒక్కడి చేత చేయించడం! నలభై ఏళ్ల వ్యాపారంలో అంత గట్టి బేరం ఆయనకే కుదర్లేదు. చిక్కల్లా ఒకటే. అది చేసిన ఆల్కహాలే దాన్ని చంపుతోంది.

బయటి కంపెనీ మేనేజరు సంతకానికి కాగితాలు ముందుకు జరిపాడు.

"రెండు గంటలు ఆగండి మామయ్యగారూ," అంది కోడలు. "నన్ను ఓడించినదాని మొహమైనా చూడనివ్వండి."

ఏడుస్తుందనుకున్న మనిషి కుడి తొట్టిలోంచి చుక్క రసం తీసుకుని జన్యువులు చదివే మిషను దగ్గరికి వెళ్లింది. ఓడిపోయి కూడా ఎదుటివాడి సరుకు తిరగేసి చూసే బుద్ధి వదల్లేదు. వ్యాపారి ఇంటి కోడలంటే ఇలా ఉండాలని ఆయన లోలోపల మురిసిపోయారు.

తిరిగొచ్చేసరికి ఆమె మొహంలో వెలుగుంది. బస్తామీద మార్కా వేసినట్టు తన బాక్టీరియా జన్యువుల్లో తానో గుర్తు పెడతాననీ, ఆ గుర్తు కంపెనీ సరుకులో ఉందనీ చెప్పింది.

"ఇది నాదే మామయ్యగారూ. చచ్చిందనుకుని నేను పారబోయమన్న మడ్డిలో మొండివి నాలుగు మిగిలి ఉంటాయి. వాటినే పెంచారు. మడ్డిని మరగబెట్టి పారబోయాలన్నది నా నియమం. మరిగితే ఒక్కటీ బతకదు. అంటే, మరగకముందే బయటికి పోయింది."

మామగారు మేనేజరు మీదికి లేచారు. తన ఆవరణలో దొంగెవడో ఇప్పుడే తేలాలన్నారు. వాడెవడైనా సరే, కోడలి కాళ్లమీద పడేయిస్తానన్నారు.

మేనేజరు తొణకలేదు. సంచిలోంచి రసీదు తీసి బల్లమీద పెట్టాడు.

"దొంగతనం కాదండీ, కొనుక్కున్నాం. ఒక ట్యాంకరు పచ్చి మడ్డి, ఎరువుకని. మరగబెట్టే బొగ్గు కూడా కలిసొచ్చిందని అమ్మినాయన మావాడికి టీ కూడా ఇప్పించాడట."

రసీదు కింద ఉన్న సంతకాన్ని మామగారు కళ్లజోడు లేకుండానే గుర్తుపట్టారు. అది తనదే.