పెదవి మీది పొక్కులు

గాజు బట్టీలో ఊదుగొట్టం ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి మారాల్సిందే. ఎంగిలి అంటూ కూర్చుంటే కుదరదు. కరిగిన గాజుకూ, మామగార్ల కోపానికీ ఆగడం తెలియదు.

ఆ రోజు మేస్త్రీ కింది పెదవి మీద నీటిపొక్కులు గుత్తిగా లేచాయి. ఎప్పటిలాగే సగం ఊది, గొట్టం అల్లుడికి అందించాడు. అల్లుడు అందుకున్నాడు గాని నోట పెట్టలేదు.

"ఊదవయ్యా! జారిపోతోంది!"

అల్లుడు కదల్లేదు. ఎర్రటి ముద్ద సాగి సాగి నేలపాలైంది.

మేస్త్రీ మండిపడ్డాడు. "పొద్దున నా కూతురు పసిదాన్ని నా చేతికివ్వకుండా లోపలికెత్తుకుపోయింది. ఇప్పుడు నీకు నా ఎంగిలి చేదైందా? ఇద్దరూ కలిసి నన్ను వెలేశారా?"

"అదేం కాదు మామయ్యా. చెప్పబోతే మీరు అలిగి చెప్పులేసుకున్నారు. ఈ పొక్కులు అంటుకుంటాయట. మనకైతే వాటంతటవే మానిపోతాయి. నెల నిండని పిల్లకు సోకితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికెళ్ళాక దాన్ని ముద్దాడకుండా నేనుండలేను."

మేస్త్రీ వేరే గొట్టం తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

సాయంత్రం గుమ్మం బయటే నిలబడి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"దాని మొహం ఇటు తిప్పమ్మా. ఈ దూరం చాలా, ఇంకా వెనక్కి జరగనా?"